చిరుతల సవ్వడియు ఎం.పి.3 కొలతయు



పాలకుర్తివాడని మనము గర్వముతో చెప్పుకొను పాల్కురికి సోమనాథుడు తన పండితారాధ్య చరిత్రములో నాటి జనులు పాడుకొనుచుండిన పాటలను పేర్కొనుచు, తుమ్మెద పదములని, వెన్నెల పదములని, ప్రభాత పదములని, నివాళి పదములని, గొబ్బి పదములని కొన్ని పేర్లు మనకు మిగిల్చిపోయినాడు. సుమారు 700 ఏండ్ల క్రిందట ఆయన వ్రాసిపెట్టుటచేత అట్టి పాటలు ఉండెనని మాత్రము మనకు తెలియుచున్నది. వాని వరుస యెట్టిదో, తాళము ఏ నడకలో సాగెడిదో, పాడువారు ఎచ్చట గొంతెత్తి ఎచ్చట దించెడివారో చెప్పగలవారు నేడు లేరు. తాటాకుపై గంటము పాట పేరును నిలుపగలిగినది. నాదమును నిలుపు శక్తి దానికి లేకపోయినది. ఆ సోమనాథుని ఊరికి పొరుగుననున్న మన తొర్రూరులో నేడు ఇంచుమించు ప్రతి యింటను నాదమును నిలుపగల ఫోనొకటి యున్నది. అట్టి సాధనము చేతనుండియు, ధ్వనిని ఏ కొలతకు కుదించి దాచవలెనను ఒక్క విషయమును విచారింపకపోవుటచేత, మన పాటలను మనమే కొంత చెఱిపి దాచుకొనుచున్నామని నాకు తోచుచున్నది. నేటి ప్రసంగమున ఆ కొలతను గూర్చి ముచ్చటింపదలచినాను.

వరంగల్లు నుండి ఖమ్మము పోవు రహదారిమీదనున్న మన పట్టణములో పాటల నిల్వ మూడు రూపులు మారినది. 1963లో ఫిలిప్స్ సంస్థ లోకమునకు అందించిన కాసెట్టు మన పల్లెలకు చేరిన పిమ్మట, ఒగ్గుకథలును, చిందు భాగవతములును, బతుకమ్మ పాటలును మన గొంతులలోని మన యాసతోనే టేపులోనికి ఎక్కినవి. అటుపిమ్మట సీడీలు వచ్చినవి; అవి నిలిచినది కొద్దికాలమే. ఆ మీదట కాసెట్ల దుకాణములున్న తావుల మొబైల్ దుకాణములు వెలసి, మెమరీ కార్డులో పాటలు ఎక్కించుకొనుట మొదలైనది. నాటి కార్డు ఒకటి రెండు గిగాబైట్లకు మించనిది, కోరిన పాటలు వందలకొలది. కావున ఎక్కించువాడు ప్రతి పాటను చిన్నదిగా నలిపి కార్డు నింపెడివాడు, అందులో అతని తప్పేమియు లేదు. కార్డులు నేడు అరువది, డెబ్బది రెట్లు పెరిగినవి. పాటను నలుపు అలవాటు మాత్రము నాటిదే నిలిచినది. అటకమీది కాసెట్లను దించి కంప్యూటరులోనికి ఎక్కించుటకు పూనుకొన్న యువకులు సైతము, యంత్రము తనంత తాను చూపిన 128 అను అంకెనే అంగీకరించి ముందునకు సాగుచున్నారు.

ఆ 128 యొక్క అర్థము తెలియవలెనన్న మొదట కుదింపులేని ధ్వని ఎంతటిదో తెలియవలెను. 1982లో వెలువడిన సీడీలో ధ్వనిని సెకండునకు 44,100 మారులు కొలిచి, ఒక్కొక్క కొలతను 16 బిట్లలో వ్రాసి, ఎడమ కుడి మార్గములు రెండింటికిని వేర్వేఱుగా దాచుదురు. మానవుని చెవి మిక్కిలి పదునుగా ఉన్నపుడు సెకండునకు 20,000 కంపనములవఱకు వినగలదు; అంతటి ధ్వనిని తిరిగి యథాతథముగా పుట్టించుటకు దానికి రెండింతలకు మించి కొలతలు తీయవలెనని గణితశాస్త్రము నిర్ణయించినది; అందుచేత ఆ 44,100. లెక్కించి చూచిన సెకండునకు 14,11,200 బిట్లు, గంటకు సుమారు 635 మెగాబైట్లు. రాత్రి మొదలుపెట్టి కోడికూత వేళకు ముగియు మల్లన్న కథ ఆరు గంటలదైనచో, అది 3.8 గిగాబైట్లగును. సెకండునకు 128 కిలోబిట్ల ఎం.పి.3గా మార్చినచో అదే కథ 346 మెగాబైట్లలో ఇముడును. పదునొకండు పాళ్లలో పది పాళ్లు పోయినవన్నమాట. పోయినది ఏది?

దీనికి సమాధానము జర్మనీలోని ఎర్లాంగెన్ పట్టణమున నున్న ఫ్రౌన్‌హోఫర్ పరిశోధనాలయమునుండి వచ్చినది. కార్ల్‌హైన్జ్ బ్రాండెన్‌బర్గ్ మొదలగువారు పలు సంవత్సరములు శ్రమించి రూపొందించిన పద్ధతి 1993లో అంతర్జాతీయ ప్రమాణముగా వెలువడినది, దానికి ఎం.పి.3 అను తోక 1995లో తగిలినది. వారు ఆశ్రయించినది చెవి స్వభావమును. డోలు గట్టిగా మ్రోగినపుడు దాని దాపుననున్న స్వరస్థానములో మెల్లగా పలికిన ధ్వని మనకు వినబడదు. పెద్ద ధ్వని చిన్న ధ్వనిని మఱుగుపఱచును. కావున ఏ ధ్వని మఱుగున పడునో ముందుగా గణించి, ఆ భాగమును మొఱటుగా వ్రాసినను, అసలు వ్రాయకున్నను, వినువానికి లోటు తోచదు. పోయినది వినబడనిదే యని ఆ శాస్త్రజ్ఞుల వాదము. ఆ వాదము చాలవఱకు సత్యము, ఆ ప్రతిభకు నేను చేతులెత్తి నమస్కరింతును. కాని ఏ ధ్వని వినబడునో ఏది వినబడదో ఆ గణితమునకు నేర్పినవారు ఎవరు, ఏ పాటలతో నేర్పినారు?

సుజాన్ వేగా అను అమెరికా గాయని వాద్యములు లేక ఒంటిగొంతుతో పాడిన యొక పాట, ఆ తొలి యంత్రములలో పడి మిక్కిలి వికృతముగా వినబడినందున, బ్రాండెన్‌బర్గ్ దానినే మఱల మఱల వినుచు తన పద్ధతిని సరిదిద్దుకొన్నాడు. ఐరోపా ప్రసార సంఘము ధ్వని పరీక్షలకై 1988లో ప్రకటించిన డిస్కులో కాస్టనెట్స్ అను వాద్యమున్నది. స్పెయిను నర్తకులు వ్రేళ్ల నడుమ పట్టుకొని టకటక కొట్టు చెక్క పలకలవి. ఎం.పి.3 పరీక్షలలో ఈ కాస్టనెట్లే అందఱికంటె కఠినమైన పరీక్షాధికారులు. శ్రోతలారా, ఈ మాట చదివిన క్షణమున నాకు మన చిరుతలు స్ఫురించినవి. ఊరి నడుమ బయలున వలయముగా నిలిచి, కాళ్లకు గజ్జెలు, చేత చిరుతలు పట్టి, రాముని కథను ఆడుచు పాడుచు నడిపించు చిరుతల రామాయణము మన ప్రాంతములో ఎఱుగనివారుండరు. ఆ కొయ్య చిరుతలు, వానికి కూర్చిన లోహపు బిళ్లలు, ఇరువదిమంది చేతులలో ఒక్కమారుగా ఘల్లుమనుట, ఎం.పి.3 గణితమునకు ఇంతకు మించిన అగ్నిపరీక్ష కల్పింపవలెనన్నను కల్పింపలేము. ఐరోపావారి పరీక్షా డిస్కులో మన చిరుతలు లేవు, ఒగ్గు లేదు, డప్పు లేదు. కావున ఆ పరీక్ష మనమే చేసికొనవలసియున్నది.

ఆ కష్టము ఎట్టిదో కొంచెము వివరింతును. ఎం.పి.3 యంత్రము ధ్వనిని 576 కొలతల ఖండములుగా, అనగా సుమారు 13 మిల్లీసెకండ్ల ముక్కలుగా, పొరుగు ముక్కతో కలిపి పరిశీలించును. ఒక ముక్కలో మొదటి భాగము నిశ్శబ్దముగా ఉండి, చివర చిరుత దెబ్బ పడినదనుకొందము. మొఱటుగా వ్రాయుటవలన పుట్టిన రొద ముక్క అంతటను సమముగా వ్యాపించును. దెబ్బ పడిన తరువాతి రొదను చెవి పట్టించుకొనదు, ఏలయన పెద్ద ధ్వని తరువాత నూఱు మిల్లీసెకండ్లకు పైగా చెవి తేరుకొనదు. దెబ్బకు ముందరి రొదను మాత్రము చెవి కొన్ని మిల్లీసెకండ్లవఱకే క్షమించును. అందుచేత దెబ్బ పడుటకు ముందే దాని నీడవంటి చిన్న బుసబుస వినబడి, టక్కుమనవలసిన చిరుత తుస్సుమనును. దీనికి విరుగుడుగా యంత్రము పొడవు ముక్కను విడిచి అందులో మూడవ వంతు పొట్టి ముక్కలను వాడును. కాని పొట్టి ముక్కలకు బిట్లు ఎక్కువ కావలెను. సెకండునకు 128 కిలోబిట్లే యని గిరి గీసినపుడు, చిరుతలు ద్రుతమునందుకొన్న ఘట్టములో ఆ అదనపు బిట్లు ఎచ్చటినుండి రావలెను? గాయకుని గొంతునుండి, ఇత్తడి తాళముల మెఱుపునుండి కోసి తేవలసివచ్చును. తాళములు అట్టి వేళ నీటిలో మునిగి మ్రోగుచున్నట్లు జలజల యనును. ఇట్టి రికార్డు విని, ముసలి కళాకారుని చేయి బలహీనపడినదని తలచిన శ్రోతలుందురు. ఆ నింద అంకెకు చెందవలసినది, చేతికి చెందుట నాకు బాధ కలిగించును.

అందువలన నేను మొట్టమొదట కోరునది ఒక్కటే: ప్రతి రికార్డునకు ఏమాత్రము చెఱుపని మాతృప్రతి యొకటి ఉండవలెను. జోష్ కోల్సన్ అను ప్రోగ్రామరు రూపొందించగా 2001లో వెలువడిన ఫ్లాక్ అను పద్ధతి ఇందుకు తగినది. అది ధ్వనిలో ఏ అంశమును పారవేయదు. ముందరి కొలతలను బట్టి రాబోవు కొలతను ఊహించి, ఊహకును వాస్తవమునకును గల భేదమును మాత్రమే వ్రాసికొనుటచేత, సీడీ పరిమాణములో సగము మొదలు ఏడు పదుల శాతము లోపల ఇమిడి, విప్పినపుడు ఒక్క బిట్టు తేడాలేక మూలమును తిరిగి ఇచ్చును. అందులో 0 నుండి 8 వఱకు కనబడు మెట్లను చూచి 8 అనగా ఉత్తమ నాదమని భ్రమపడువారు కలరు. అన్ని మెట్లలోను నాదమొక్కటే. మెట్టు పెరిగినకొలది యంత్రము ఎక్కువ సేపు ఆలోచించి ఫైలును మఱికొంచెము చిన్నది చేయును, అంతే. యంత్రము తనంత తాను చూపు 5 చాలును. ఒక టెరాబైటు డిస్కులో సీడీ కొలతలోని ఇట్టి ప్రతులు 2,200 గంటలకు తక్కువ కాకుండ పట్టును. తొర్రూరు చుట్టుపట్ల పల్లెలలోని కాసెట్లన్నియు పోగుచేసినను అంత ఉండునో లేదో! స్థలము చాలదను సాకునకు కాలము చెల్లినది. ధాన్యము ఎంత అమ్ముకొన్నను విత్తనపు వడ్లను రైతు మరపట్టింపడు, మాతృప్రతిని ఎం.పి.3గా మార్చి మూలమును చెఱుపుట విత్తనపు వడ్లను మరపట్టించుటయే.

కాసెట్టునుండి ఎక్కించువారు కొలత విషయమున ఇంకొక జాగ్రత్త వహింపవలెను. ధ్వనిభాండారముల అంతర్జాతీయ సంఘము పాత టేపులకు కనీసము సెకండునకు 48,000 కొలతలు, కొలతకు 24 బిట్లు విధించినది. 96,000 అయినచో మఱియు మేలన్నది. సాధారణ కాసెట్టులో గొప్ప ధ్వనికిని టేపు బుసకును నడుమ అంతరము 60 డెసిబెల్లు దాటుట కష్టము. 16 బిట్లే 96 డెసిబెల్ల నిచ్చుచుండగా 24 ఏల యని అడుగవచ్చును. ఎక్కించు వేళ ధ్వని మట్టమును తగ్గించి పట్టుటకు ఆ అదనపు వైశాల్యము పనికివచ్చును. ఒగ్గుకథలో కథకుడు మెల్లగా వచనము చెప్పుచు చెప్పుచు ఉండగా ఒక్కసారిగా డోలు దెబ్బ పడును; మట్టము మీదికి పెట్టుకొన్నవానికి ఆ దెబ్బ తల తెగిపోవును, తెగిన తలను ఏ విద్యయు అతికింపలేదు. మన యింటి కాసెట్లకు 48,000, 24 చాలునని నా అభిప్రాయము; 96,000 పెట్టి వినుటలో తేడా కనుగొన్నవానిని నేనెఱుగను. టేపు బుసను తీసివేయు మంత్రములను మాతృప్రతిపై ప్రయోగింపరాదు. బుసతోపాటు తాళముల కొసమెఱుపు కూడ పోవును.

మాతృప్రతి భద్రమైన పిమ్మట, వినుటకు ప్రతులను ఎన్నివిధములుగనైనను చేసికొనవచ్చును, ఇక్కడ ఎం.పి.3ని నేను ఏమాత్రము నిందింపను. లేమ్ అను ఉచిత యంత్రములో స్థిరమైన బిట్ రేటునకు, అనగా సెకండునకు వాడు బిట్ల లెక్కకు, బదులు మారు బిట్ రేటు కోరుకొనవలెను. వచనము సాగునపుడు తక్కువ, చిరుతలు ద్రుతమునందుకొన్నపుడు ఎక్కువ బిట్లు వాడు ఆ పద్ధతి, మాటయు పాటయు వాద్యమును ముప్పేటగా అల్లుకొన్న మన కళలకు పుట్టినట్లే యున్నది. అందులో వి-2 అను మెట్టు సగటున 190 కిలోబిట్లు, వి-0 సుమారు 245 కిలోబిట్లు తీసికొనును. అంకె తగ్గినకొలది నాణ్యము పెరుగునని మఱువరాదు. చిరుతల రామాయణమునకు, చిందునకు వి-0. పొలము పాటలకు, ఒంటిగొంతు పాటలకు వి-2. క్రొత్త ఫోన్లు గలవారు 2012లో ప్రమాణమైన ఓపస్ వాడినచో 128 కిలోబిట్లలోనే ఇంచుమించు అంత ఫలము దక్కును. కాని పల్లెలోని పాటల డబ్బా ఓపస్‌ను గుర్తింపకపోవచ్చును, ఎం.పి.3ని గుర్తింపని డబ్బా లేదు.

ఇచ్చటికి సమీపముననున్న చినగూడూరులో జన్మించిన మహాకవి దాశరథి 1961లో వచ్చిన వాగ్దానము, ఇద్దరు మిత్రులు చిత్రములకు వ్రాసిన పాటలను దాచుకొనువారు మనలో అనేకులు. ఆ కాలపు రికార్డులు ఒంటిమార్గపువి, అనగా ఎడమకు కుడికి ఒకే ధ్వని. వానిని ఒంటిమార్గముగనే దాచినచో సగము బిట్లతో అదే నాణ్యము లభించును. కాని ఇట్టి పాటలకు 320 కిలోబిట్లని పేరుపెట్టి చేతులు మారు ఫైళ్లను నమ్మి మోసపోవువారు ఎక్కువ. ఒకప్పుడు 128లో నలిపిన ఫైలును మఱల 320గా వ్రాసినంతమాత్రమున పోయినది తిరిగి రాదు. పైగా రెండవమారు నలిగినందున మఱికొంత చెడును. ఉచితముగా లభించు ఆడాసిటీ అను ధ్వని ప్రోగ్రాములో ఆ ఫైలును తెఱచి వర్ణపటమును చూడుడు: 16,000 కంపనముల దగ్గఱ కత్తితో కోసినట్లు పైభాగమంతయు శూన్యముగా ఉన్నచో, అనుమానింపవలసినదే. వాట్సాప్‌లో వాయిస్ మెసేజిగా పట్టిన బతుకమ్మ పాట సైతము మాటలకై ఉద్దేశించిన అతి తక్కువ బిట్ రేటులో పుట్టినదే. పాడునది మన అమ్మమ్మయైనచో ఫోనులోని రికార్డరును ఉత్తమ స్థాయిలో పెట్టి పట్టి, పిదప ఆ ఫైలునే డాక్యుమెంటుగా పంపవలెను.

పెద్ద అంకెలను చూచి మురియుటయు చిన్న అంకెలతో సరిపెట్టుకొనుట వంటి పొరపాటే. ఈ ప్రసంగమును మీరు ఎఫ్.ఎం.లో వినుచున్నచో, 15,000 కంపనములకు పైబడిన ధ్వని మీకు చేరుట లేదు. స్టీరియో ప్రసారపు కట్టడియే అట్టిది. అయినను లోటేమియు మీకు తోచియుండదు. కావున ఏ మెట్టు చాలునో చెవినే అడుగవలెను, అదియు కన్నులకు తెలియనీయక అడుగవలెను. మాతృప్రతిని ఒకటిగా, ఎం.పి.3ని ఇంకొకటిగా పెట్టి, ఏది ఏదో చెప్పక ఇంటిలో మఱొకరు పదిమారులు వినిపింపగా, తొమ్మిదిమారులైనను సరిగా చెప్పగలిగినచో తేడా నిజముగా వినబడుచున్నదని నమ్మవచ్చును. ఊహతో చెప్పి అన్నిమారులు గెలుచుటకు అవకాశము నూటికి ఒకటి మాత్రమే. వినువారిలో పదునెనిమిదేండ్లలోపువారు ఒకరైనను ఉండవలెను, ఏలయన వయస్సుతోపాటు పై కంపనములు మన చెవికి దూరమగును. పరీక్షకు సినిమాపాట పెట్టరాదు. చిరుతలు, తాళములు, గజ్జెలు ఒక్కమారుగా మ్రోగు అర నిమిషపు ఘట్టమును పెట్టవలెను. అందులో నెగ్గిన మెట్టు మిగిలినవాటి కన్నింటికిని చాలును.

జనగామ జిల్లా మాణిక్యాపురమునకు చెందిన ఒగ్గుకథా చక్రవర్తి చుక్క సత్తయ్య 2017లో మనలను విడిచిపోయినారు. దేవరుప్పుల మండలములోని చిందు యక్షగాన కళాకారులు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ ప్రకటింపగా మన ప్రాంతమంతయు పొంగిపోయినది. బిరుదురాజు రామరాజు వంటి పండితులు ఊరూర తిరిగి జానపద గేయముల మాటలను సేకరించి గ్రంథస్థము చేసిన కాలమున, ఆ నాదమును పట్టుటకు వారికి సాధనములు దుర్లభములు. పట్టుటకు సాధనమును దాచుటకు స్థలమును ఉన్న మనము, ఫైలు పేరు మొదట పాడినవారి పేరు, ఊరు, తేది, వాద్యకారుల పేర్లు వ్రాసి, ఫ్లాక్ ప్రతిని రెండు వేర్వేఱు డిస్కులలో, వీలైనచో రెండు వేర్వేఱు ఇండ్లలో ఉంచి, ఏడాదికొకమారు సరిచూచుకొనవలెను; ఫ్లాక్ ఫైలు తన ధ్వనియొక్క ముద్రను తనలోనే దాచుకొనియుండును గనుక, ఒక్క బిట్టు చెడినను పరీక్షలో బయటపడును.

వి-0 అవసరమా యని తేల్చుటకు, మొదట వి-2లో చేసిన ఎం.పి.3 ప్రతినొకదానిని పెన్‌డ్రైవులో పెట్టి పాడినవారి యింటికి చేర్పవలెను. వారి యింటి డబ్బాలో, వారి యెదుటనే వినిపించి, ఇది మీ డోలేనా, ఇవి మీ చిరుతలేనా యని అడుగవలెను. కావని వారు తల ఊపినచో, చర్చకు దిగక తిరిగివచ్చి మాతృప్రతినుండి వి-0లో మఱల చేసి పట్టుకొనిపోవలెను.